‘ఇంట్లో చేసింది’ అన్న మాట ఒక్కటే హామీ కాదు

సంపాదకులకు,

నమస్కారం.

కుటుంబమంతా కలిసి మూలికలు పండించి, ఎండబెట్టి, పొడులు, తైలాలు, కషాయ మిశ్రమాలు తయారుచేసి అమ్ముకుంటున్నవారి విజయగాథలు మీ పత్రికలోనూ ఇతర పత్రికల్లోనూ తరచుగా వస్తున్నాయి. అదే వ్యాపారం చేసే ఇంటి కోడలిగా వాటిని నేను ఇష్టంగానే చదువుతాను. అయితే దాదాపు ప్రతి కథనంలోనూ రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: ఇంట్లో చేసింది కాబట్టి స్వచ్ఛమైనది, మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చేయనిది. ఈ రెండు మాటలను నమ్మి కొత్తగా ఈ వ్యాపారంలోకి దిగుతున్న కుటుంబాలు మమ్మల్ని అడిగే ప్రశ్నలు వింటే నాకు కొంత భయం వేస్తుంది. తొలినాళ్లలో మా ఇంటికి తగిలిన ఎదురుదెబ్బలనూ, మూలికల వ్యాపార చరిత్రలో నమోదైన పెద్ద ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మూలం ఒకటేనని తోస్తుంది. మనవాళ్లే చేశారు కదా, మనకు తెలిసిన మొక్కే కదా అనుకున్న చోట పరిశీలన ఆగిపోతుంది, తేడా అక్కడే వస్తుంది. ఈ సంగతిని కాస్త వివరంగా మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇబ్బంది విత్తనం దగ్గరే మొదలవుతుంది. మా మామగారు మొదటిసారి పెప్పర్‌మింట్ వేయాలనుకున్నప్పుడు విత్తనాల ప్యాకెట్ తెప్పించారు. మొలక బాగానే వచ్చింది, మడి పచ్చగా నిండింది, కానీ ఆకు నలిపితే చల్లదనం తగలలేదు. పైగా ఒక్కో మొక్కది ఒక్కో వాసన. పెప్పర్‌మింట్ అనేది నీటి పుదీనాకూ స్పియర్‌మింట్‌కూ పుట్టిన సంకర జాతి. దానికి మొలకెత్తే విత్తనం సాధారణంగా రాదు. వేరు కాడలతోనో కొమ్మ ముక్కలతోనో దాన్ని పెంచుకోవాలి తప్ప, ప్యాకెట్ మీద ఏ పేరున్నా విత్తనం నుంచి వచ్చేది మరో పుదీనాయే. ఫ్రెంచ్ టారగాన్ అనే సుగంధ మూలిక సంగతీ ఇంతే, దాని పేరుతో దొరికే విత్తనాలు తరచుగా వాసన పెద్దగా లేని రష్యన్ రకానివి. ఒక పంటకాలం గడిస్తే గాని తెలియని నష్టం ఇది. తల్లి మొక్కను చూసి, ఆకు నలిపి వాసన చూసి, దాని కాడలే తెచ్చుకోవాలని అప్పుడు అర్థమైంది. పుదీనా జాతిని గట్టు కట్టని మడిలో వేస్తే అది నేల కిందుగా పాకి పక్క మడిలోని మొక్కల మధ్య లేస్తుందని కూడా ఆ ఏడే తెలిసింది. కోతకు వచ్చేసరికి పక్క మడిలో ఏది ఏ ఆకో ఏరడానికి పట్టిన సమయం ఆ సరుకు విలువను మించిపోయింది.

మొక్క సరైనదే అయినా అసలు పరీక్ష ఎండబెట్టే దగ్గర ఉంటుంది. ఈ వ్యాపారంలో పెట్టుబడి గురించి అడిగేవారు చాలామంది కనిపిస్తారు గాని, తేమ గురించి అడిగేవారు కనిపించరు. పచ్చి ఆకులో సుమారు 75 నుంచి 85 శాతం వరకు నీరే ఉంటుంది. నిలవ చేయడానికి పనికి వచ్చే ఎండు ఆకులో అది 10–12 శాతం దగ్గరకు రావాలి. లెక్క కట్టి చూస్తే కిలో ఎండు ఆకుకు సుమారు మూడున్నర నుంచి ఆరు కిలోల పచ్చి ఆకు కావాలి, లేత ఆకైతే ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ తరుగు అందరూ విన్నదే, కానీ కళ్లముందు గుట్టగా పడి ఉన్న పచ్చి ఆకును చూసినప్పుడు ఎవరికీ గుర్తుండదు. మా ఇంట్లో మొదటి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ఆ గుట్టను చూసే ఒప్పుకున్నారు. ఎండిన తర్వాత తూకం వేస్తే మాట ఇచ్చినదానికి చాలా దూరంలో ఆగింది. కొరతను పూడ్చుకోవడానికి బయట నుంచి తెచ్చి కలపడమా, ఉన్నదే పంపి క్షమించమనడమా అన్న మీమాంసలో ఇల్లు రెండుగా చీలింది. చివరికి ఉన్నదే పంపారు. ఆ కొనుగోలుదారు మళ్లీ రాలేదు. బయట సరుకు కలిపి ఉంటే అంతకంటే పెద్ద చిక్కు వచ్చి ఉండేదని నేను ఇప్పటికీ అంటాను, మా వారు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోరు.

తేమను గుర్తించడంలో చెయ్యి చాలా సులభంగా మోసపోతుంది. ఆకు పలచన, కాడ మందం. ఆకు కరకరలాడుతున్నా కాడలో తడి ఉండిపోతుంది. బస్తాలోకి ఎత్తిన తర్వాత ఆ తడి నెమ్మదిగా ఆకులోకి తిరిగి వస్తుంది. మా సరుకు గదిలో ఒకసారి మా అత్తగారు తులసి బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, మధ్యలో వెచ్చగా ఉందని అన్నారు. పైన వేలితో నలిపితే పొడి అవుతున్న ఆకు అడుగున మెత్తగా చేతికి అంటుకుంది, కిందికి వెళ్లేకొద్దీ తులసి వాసన పోయి ముక్కిన వాసన వచ్చింది. బస్తా కుమ్మరించి చూస్తే కాడల కణుపుల దగ్గర బూజు తెల్లగా నూలుపోగుల్లా పట్టి ఉంది. పై భాగం బాగానే ఉంది కదా, దాన్ని వేరు చేద్దామన్న ఆలోచన ఆ క్షణంలో ఎవరికైనా వస్తుంది, మాకూ వచ్చింది. మా అత్తగారు ఒప్పుకోలేదు, బస్తా మొత్తం ఎరువు గుంతలోకి పోయింది. దానికి శాస్త్రీయమైన కారణం ఉందని మాకు తర్వాత తెలిసింది. కొన్ని బూజులు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం కంటికి కనిపించదు, కషాయం కాచినంత మాత్రాన పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరుసగా చనిపోయినప్పుడు కారణం వెతుకుతూ పోతే మేతలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఈ విషం గురించి లోకానికి తెలిసింది ఆ విధంగానే.

ఎండుగడ్డి విషయంలో అంతకంటే పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1920లలో కెనడాలోనూ అమెరికా ఉత్తర భాగంలోనూ స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తిన్న పశువులు లోపల రక్తస్రావమై చనిపోవడం మొదలైంది. పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్ పరిశీలించి, బాగా ఎండిన గడ్డి తిన్నవాటికి ఏమీ కావడం లేదని, బూజు పట్టిన గడ్డి తిన్నవే చనిపోతున్నాయని తేల్చారు. ఆ మొక్కకు కమ్మని వాసన ఇచ్చే కూమరిన్ అనే పదార్థమే బూజు చేతిలో పడి రక్తం గడ్డకట్టనివ్వని డైకూమరాల్‌గా మారుతోంది. దాన్ని అమెరికాలోని విస్కాన్సిన్‌లో శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం వేరుచేసింది. దాని ఆధారంగానే వార్ఫరిన్ వచ్చింది, మొదట ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషులకు రక్తం పలచబరిచే మందుగా. మొక్క అదే, పొలం అదే, రైతు కూడా మారలేదు. ఆరబెట్టడంలో తేడా వస్తే మేత విషమైంది. ‘సహజమైనది’ అన్న మాటను అచ్చువేసే ముందు ఎవరైనా ఈ ఉదంతాన్ని ఒకసారి తలచుకుంటే బాగుంటుంది.

కాబట్టి ఆకులను పలచగా పరిచి నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టాలి. వేడి కంటే గాలి ముఖ్యం. సుగంధం ఉన్న ఆకులకు 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి మించితే వాసననిచ్చే తైలం ఆవిరైపోతుంది. మండుటెండలో పెడితే త్వరగా ఎండినట్టే ఉంటుంది గాని రంగు, వాసన రెండూ పోతాయి. వేళ్లు కొంత ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. అయితే వాటిని ఒకే మందంలో పలచగా తరగకపోతే పైపొర గట్టిపడి లోపలి తడి బయటికి రాదు. సాయంత్రమయ్యేసరికి సరుకు లోపలికి చేరకపోతే పగలు పోయిన తేమ రాత్రి గాలి నుంచి తిరిగి వస్తుంది. మేము చివరకు పట్టుకున్న పద్ధతి చాలా మామూలుది. ఎండిందనుకున్న సరుకులోంచి గుప్పెడు, కాడలతో సహా, గాజు సీసాలో వేసి మూత బిగించి కొన్నాళ్లు ఉంచుతాం. లోపలి గోడకు చెమ్మ పట్టినా, కాడ చిటుక్కున విరగకుండా వంగినా ఆ సరుకంతా మళ్లీ ఆరబెట్టడానికి వెళుతుంది. తేమ కొలిచే పరికరం ఉన్నవారికి ఇంత తంటా ఉండదు.

పురుగు గురించి ఎక్కువ రాయను. ఎండు మూలికలను తొలిచే చిన్న గోధుమరంగు పెంకు పురుగు ఒకటి ఉంది, స్టెగోబియం పానిసియం అంటారు. పొడిలోనైనా వేరులోనైనా అది బతుకుతుంది. పురుగు మందు కొట్టడం ఈ వ్యాపారంలో కుదరని పని. గట్టిగా మూసిన సంచుల్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఒక వారం ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. బయటికి తీసిన సంచిని దాని చలి పూర్తిగా పోయాకే విప్పాలి, లేకపోతే గాలిలోని తేమ సరుకు మీద చెమ్మగా దిగి మొదటి సమస్యే మళ్లీ మొదలవుతుంది.

ఇక అన్నిటికంటే బరువైన విషయం గుర్తింపు. ఆకుగా ఉన్నంత వరకు మొక్క తన పేరు తానే చెప్పుకుంటుంది. పొడి అయిన తర్వాత దాని పేరు సీసా మీది కాగితంలో తప్ప ఎక్కడా ఉండదు. మా ఇంట్లో మొదట్లో ఆ కాగితాన్ని సీసా మూత మీద అంటించేవారు, పై నుంచి చూస్తే వెంటనే కనిపిస్తుందని. ఒకరోజు ఖాళీ చేసే పనిలో మూతలన్నీ తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించారు. తర్వాత ఎప్పుడో మా ఆడపడుచు ఒక సీసాలోంచి చెంచాడు పొడి తీసి నాలుక మీద వేసుకుని, ఇది మూత మీద రాసినది కాదని చెప్పింది. పక్కపక్కనే ఉన్న రెండు సీసాల్లోనూ చూడటానికి ఒకేలా కనిపించే ఆకుపచ్చ పొడులు ఉన్నాయి, మూతలు మాత్రం తారుమారయ్యాయి. మారినవి ఆ రెండేనా, వరుసలో ఇంకెన్ని మారాయి, ఈలోగా ఎన్ని ప్యాకెట్లలోకి వెళ్లాయి అన్న ప్రశ్నలకు ఇంట్లో ఎవరూ ప్రమాణం చేసి జవాబు చెప్పలేకపోయారు. ఆ అరలోని సరుకంతా పారబోశారు, కొన్నవారికి ఫోన్లు చేసి ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి పేరు సీసా ఒంటి మీద ఉంటుంది, లోపల కూడా ఒక చీటీ ఉంటుంది. ఏ రోజున ఏ మడి నుంచి కోసిందో ఆ చీటీ మీద రాస్తారు.

ఇది మరీ చిన్న విషయమనిపించవచ్చు. అయితే ఇదే పొరపాటు పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో బెల్జియం చూసింది. 1990ల ఆరంభంలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే చికిత్స తీసుకున్న స్త్రీలలో మూత్రపిండాలు వరుసగా దెబ్బతినడం వైద్యులు గమనించి 1993లో ప్రకటించారు. మాత్రల్లో స్టెఫానియా టెట్రాండ్రా అనే చైనా మూలిక ఉండాల్సింది. వ్యాపారంలో దాదాపు అదే పేరుతో చలామణీ అయ్యే, మూత్రపిండాలకు విషమైన అరిస్టోలోకియా ఫాంగ్చి అనే వేరే మొక్క దాని బదులు వచ్చింది. బాధితుల సంఖ్య నూరు దాటింది. కొందరికి ఆ తర్వాత మూత్రనాళంలో కేన్సర్ కూడా వచ్చింది. 1997లో అమెరికాలో ప్లాంటేన్ అనే ఆకు పేరుతో అమ్ముడైన సరుకులో గుండె మీద పనిచేసే డిజిటాలిస్ లనాటా అనే మొక్క కలిసి ఉండడంతో వాడినవారి గుండె లయ తప్పింది. 2001లో నెదర్లాండ్స్‌లో అనాసపువ్వు కషాయం తాగినవారికి వాంతులు, మూర్ఛలు వచ్చాయి. అచ్చం అనాసపువ్వులానే ఉండే జపాన్ రకం అందులో కలిసింది, అది విషపూరితం. ఇవి అనుభవం లేనివారి చేతుల్లో జరిగినవి కావు. ఒకరి మాట మీద ఒకరు నమ్మకం పెట్టుకుంటూ పోయిన సరుకు చివరికి వాడేవారి దాకా వెళ్లింది, మధ్యలో మొక్కను మొక్కగా చూసినవారు లేరు.

మన దగ్గర వాడుకలో ఉన్న పేర్లకూ ఈ చిక్కు ఉంది. బ్రాహ్మి అన్న పేరు బకోపా మొన్నియేరికీ, సెంటెల్లా ఏషియాటికాకూ రెండింటికీ చెల్లుతోంది. అవి ఒక కుటుంబానికి చెందిన మొక్కలు కూడా కావు, వాటిలోని పదార్థాలూ వేరు. అందుకే ప్యాకెట్ మీద వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం వేయడం ఆడంబరం కాదని నా అభిప్రాయం. మొక్కకు రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో స్థిరపరిచారు, ఈ గందరగోళాన్ని తప్పించేది ఆ పేరే. మందు మొక్కల సాగుకూ సేకరణకూ సంబంధించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెలువరించిన మార్గదర్శకాల్లో కూడా మొక్క గుర్తింపును నిర్ధారించుకోవడం, ప్రతి దశనూ రాసిపెట్టుకోవడం ముఖ్యమైన నియమాలు. బయట నుంచి సరుకు తెచ్చుకునేటప్పుడు పొడి కొనకుండా, వీలైనంత వరకు ఆకు, వేరు, కాయ అదే రూపంలో కొనడం మంచిది. పొడిలో ఏది కలిపినా కంటికి దొరకదు.

సొంత మడి అయితే ఈ బాధ లేదని అనుకోవద్దు. కలుపు మొక్క ఉంటుంది. కొడవలితో గుత్తులుగా కోసినప్పుడు మంచి మొక్కతో పాటు కలుపూ వస్తుంది. కొన్ని కలుపు మొక్కల్లో కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలు ఉంటాయి. 2013లో జర్మనీ ప్రమాద అంచనా సంస్థ మూలికల టీలలో వీటిని కనుగొని హెచ్చరించింది, దానికి కారణం చాలావరకు కోతలో కలిసిపోయిన కలుపేనని తేలింది. కోతకు ముందు ఇంటిల్లిపాదీ మడిలోకి దిగి కలుపు ఏరడం, కోసిన తర్వాత పరిచిన ఆకులో మళ్లీ ఒకసారి చెయ్యి ఆడించడం విసుగు పుట్టించే పని. విజయగాథల్లో ఈ పని ఎక్కడా కనిపించదు.

అడవి నుంచి తెచ్చేది ఖర్చు లేని సరుకు అనే భ్రమ కూడా ఉంది. జటామాంసి, చెంగల్వ కోష్టు వంటివి అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. ఆ ఒప్పందం 1975 నుంచి అమలులో ఉంది. వేరు కోసం తవ్విన మొక్క మళ్లీ మొలవదన్న చిన్న సంగతి చాలు, అటు వెళ్లకుండా ఆగడానికి.

తైలాల గురించి ఒక హెచ్చరిక తప్పదు. ఎండిన మూలికను నూనెలో నానబెట్టడం ఒకటి, పచ్చి ఆకునో పచ్చి వెల్లుల్లినో నూనెలో ముంచి నిలవ ఉంచడం మరొకటి. నూనె గాలిని అడ్డుకుంటుంది, పచ్చి దినుసులో నీరు ఉంటుంది, పులుపు ఉండదు. క్లోస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవికి ఈ మూడూ కావలసినవే. అది ఉత్పత్తి చేసే విషానికి రంగూ వాసనా ఉండవు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిలవ ఉంచిన వెల్లుల్లి తిన్నవారికి వచ్చిన బొట్యులిజం అనే విషజబ్బు దీనివల్లనే. ఆ సీసాలు చల్లగా ఉంచాల్సినవి, బయటే ఉండిపోయాయి. చూడటానికి అందంగా ఉంటాయని పచ్చి కొమ్మలు వేసిన నూనె సీసాలను బహుమతిగా అమ్మే కొత్త వ్యాపారులు ఈ విషయం తెలుసుకోవాలి. మా ఇంట్లో అటువంటి సీసాల వరుస ఒకటి తయారై, అమ్మకానికి వెళ్లకముందే ఒక తెలిసిన మందుల తయారీదారు ఆపించారు. అదొక అదృష్టం.

ఇంత చెప్పిన తర్వాత కుటుంబ వ్యాపారానికే ప్రత్యేకమైన ఒక జబ్బు గురించి రాయాలి. కూలికి వచ్చిన మనిషిని ‘ఎంత వేశావు, ఎప్పుడు వేశావు’ అని అడగవచ్చు. అత్తగారిని అడగడం ఎలా? మిశ్రమంలో ఏది ఎంత పడాలో ఆమె చేతికి తెలుసు, కాగితానికి తెలియదు. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా అదే మిశ్రమం చేశారు. వాడేవారు వెంటనే కనిపెట్టారు, మేము కనిపెట్టలేదు. గుప్పెడు, చిటికెడు అన్న కొలతలను గ్రాముల్లోకి మార్చి పుస్తకంలో రాయాలంటే ఆమె మొదట నొచ్చుకున్నారు, తన మీద నమ్మకం పోయిందనుకున్నారు. తర్వాత ఆమే పుస్తకం తెరిచి కూర్చుని, ‘ఇది తప్పు రాశారు, ఇక్కడ వేరు ముందు వేగాలి’ అని దిద్దించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రతి తయారీకీ ఒక సంఖ్య ఉంటుంది. ఏ మడి, ఏ కోత, ఎవరు ఎండబెట్టారు, సీసా పరీక్ష ఎప్పుడు జరిగింది, ఎంత తూగింది, ఏ ప్యాకెట్లలోకి వెళ్లింది అన్నది ఆ సంఖ్య కింద రాసి ఉంటుంది. ఒక ప్యాకెట్‌లో తేడా ఉందని ఫోన్ వస్తే మిగతావి ఎక్కడున్నాయో పుస్తకం చెబుతుంది, సరుకంతా పారబోయనక్కరలేదు. మూతలు మారిన రోజున ఈ పుస్తకం లేదు.

ఇంటివారి శ్రమను ఖర్చులో వేయకపోవడం అదే జబ్బు తాలూకు ఇంకో రూపం. విత్తనం, సీసా, కరెంటు, రవాణా అన్నీ పద్దులో ఉంటాయి. పొద్దున్నే మంచు ఆరగానే కోతకు వెళ్లిన గంటలు, రాత్రి భోజనాల తర్వాత కూర్చుని కాడలు వేరుచేసిన గంటలు ఎక్కడా ఉండవు. అలా వచ్చే ధర ఎప్పుడూ తక్కువే. గిరాకీ పెరిగి పనిమనిషిని పెట్టుకోవాల్సి వచ్చిన రోజున ఆ ధరకు సరుకు ఇవ్వడం సాధ్యం కాదని బయటపడుతుంది. ఆ రోజే ధర పెంచితే, మొదటి నుంచీ కొంటున్నవారికి మోసపోయినట్టు అనిపిస్తుంది. లాభం వస్తోందని మేము సంతోషించిన తొలి రోజుల్లో, నిజానికి మా ఇంటి ఆడవాళ్ల నిద్రనే అమ్ముకున్నామని ఒక మాట అనవచ్చు. పత్రికల్లో ‘తక్కువ పెట్టుబడి’ అన్న శీర్షిక చూసినప్పుడల్లా నాకు ఈ పద్దే గుర్తుకొస్తుంది.

చివరిగా, కొనేవారితో మాట్లాడే మాట. ఈ వ్యాపారంలో సరుకు కంటే మాటే ఎక్కువ చిక్కులు తెస్తుంది. కొనడానికి వచ్చినవారు సగం మంది తమ జబ్బు చెప్పి ఏది వాడమంటారని అడుగుతారు. ఆప్యాయంగా అడిగినప్పుడు తెలియదనడం కష్టం, తెలిసినంత చెప్పడం సులభం. మా మామగారు మొదట్లో ప్రతివారికీ ఏదో ఒక సలహా ఇచ్చేవారు, అది మర్యాద అని ఆయన నమ్మకం. ఒకాయన దగ్గు కోసం అతిమధురం రోజూ వాడుతూ రక్తపోటు ఎందుకు దిగడం లేదో అర్థం కావడం లేదని మాటల్లో చెప్పినప్పుడు మేము ఉలిక్కిపడ్డాం. అతిమధురంలోని గ్లైసిరైజిన్ అనే పదార్థం, ఎక్కువ కాలం వాడితే, ఒంట్లో పొటాషియంను తగ్గించి రక్తపోటు పెంచుతుంది. ఆయన వైద్యుడికి ఈ వాడకం గురించి చెప్పలేదు, మూలికే కదా అని. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఇండినావిర్ అనే హెచ్‌ఐవీ మందు ప్రభావాన్ని బాగా తగ్గిస్తుందని 2000లో తేలింది. అవయవ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్‌కూ, గర్భనిరోధక మాత్రలకూ ఇదే ఇబ్బంది ఉంది. మూలికకు శక్తి ఉందని మనమే చెప్పుకుంటూ, దానివల్ల హాని ఉండదని కూడా మనమే అనడం పొసగదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ జబ్బు పేరు ఎత్తరు. వేరే మందులు వాడుతున్నారా, గర్భవతులా, పాలిచ్చే తల్లులా అని మాత్రం అడిగి, అవునంటే వైద్యుడిని అడిగి రమ్మంటాం. దీనివల్ల కొంత అమ్మకం పోతుంది. పోయిన అమ్మకం గురించి మా మామగారు ఇప్పటికీ అప్పుడప్పుడు సణుగుతూనే ఉంటారు.

సంపాదకులకు నా విన్నపం ఈ పరిధిలోనే ఉంది. కుటుంబ మూలికా వ్యాపారాల గురించి రాసేటప్పుడు మీ విలేకరులు అమ్మకాల అంకెతో పాటు, ఎంత తేమ దగ్గర నిలవ చేస్తున్నారో, బయటి సరుకును ఎవరు గుర్తుపడుతున్నారో, తయారీల పుస్తకం ఉందో లేదో కూడా అడిగి ఆ జవాబులను అచ్చువేయాలి. ఫలానా పొడి ఫలానా జబ్బును తగ్గిస్తుందని వ్యాపారి చెప్పిన మాటను, అతడు ఎంత మంచివాడైనా, కథనంలో యథాతథంగా వేయవద్దు. వేయక తప్పదనుకుంటే ఒక అర్హత ఉన్న వైద్యుడి అభిప్రాయాన్ని అదే పుటలో, అదే పరిమాణం అక్షరాల్లో పక్కనే వేయండి. మా గురించి రాసినా ఇదే నియమం పాటించమని కోరుతున్నాను.

భవదీయురాలు,
మూలికల వ్యాపారం చేసే కుటుంబంలోని ఒక పాఠకురాలు